బొద్దింక చూసిన రెక్కలు

కింద తమ్ముడు, పైన అక్క. తమ్ముడు రోబోలకు ప్రోగ్రాములు రాసే ఇంజనీరు. చిన్నప్పటి నుంచీ విమానాల పిచ్చి, నడిపే యోగం మాత్రం లేదు. అక్క ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పే టీచరు. ఆదివారాలు క్లబ్బు రేడియో గదిలో కూర్చునేది తమ్ముడే. రెండు సీట్ల చిన్న విమానంలో ఆమె ఒంటరిగా పైకి వెళ్ళి అరగంట దాటింది, రేడియోలో పేచీ మొదలైంది.

"దిగమంటే ఎందుకు దిగాలో చెప్పాలి కదరా. ఎక్కి అరగంటేగా అయింది."

"ఏం లేదక్కా. ఊరికే. అమ్మ ఫోన్ చేసింది, నీతో ఏదో మాట్లాడాలంట."

"అమ్మతో మాట్లాడాకే ఎక్కాను. కళ్ళద్దాలు పోయాయని గోల పెడుతుంటే నెత్తిమీద చూసుకోమన్నా. దొరికాయంది. ఇంకేం మాట్లాడుతుంది?"

"అవే... మళ్ళీ పోయాయేమో."

"నీకు అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడు బిస్కెట్లు తినేసి మూతి తుడుచుకోకుండా వచ్చి నేను తినలేదనేవాడివి. ఇప్పుడూ అంతే. ఏంటి సంగతి?"

"గాలి పెరుగుతోంది. అందుకని."

"ఏ గాలి? కింద గాలి చూపించే గుడ్డగొట్టం తడిబట్టలా వేలాడుతోంది, ఇక్కణ్ణించి కనిపిస్తోంది."

"పైన ఉంటుందేమోనని..."

"పైన ఉన్నది నేను."

"సరే, పోనీ దిగొద్దు. పల్టీలు మాత్రం కొట్టకు ఇవాళ."

"పల్టీలు కొట్టడానికే కదరా వచ్చింది. వచ్చే వారం క్లబ్బు వార్షికోత్సవం. అందరి ముందూ తడబడమంటావా? మీ బావ వీడియో తీస్తానని ఇప్పటి నుంచే గడ్డం గీసుకుంటున్నాడు. తీసేది నన్నయితే ఆయన గడ్డం ఎందుకో."

"ఇంకో రోజు చేసుకో అక్కా."

"ఒరేయ్, అర్థమైంది. రేపు మీవాళ్ళొస్తున్నారనేగా? నీ బొద్దింక రోబోని కొనడానికి వచ్చేవాళ్ళు. అది రెక్కలో దూరి పాకేది వాళ్ళకి చూపించాలి, అందుకని విమానం మాసిపోకూడదు. కడిగిస్తాలేరా."

"అది కాదు."

"కాకపోతే ఊరుకో. ఇదిగో, ఒకటి కొడతాను. కింద నుంచి చూసి గుండ్రంగా వచ్చిందో లేదో చెప్పు. ముక్కు దించుతున్నా, వేగం పెరగనీ..."

"కొట్టకు. అక్కా, కొట్టకు. ముక్కు ఎత్తకు, దండం పెడతా."

"..."

"అక్కా? అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను. మెల్లగా సరిచేశాను. తిన్నగానే పోతున్నా. ఇప్పుడు చెప్పు, నీ గొంతు అలా ఉందేంటి?"

"రెక్క."

"ఏ రెక్క?"

"తెలీదు. ఏదైనా కావచ్చు. ఏదీ కాకపోవచ్చు."

"రెక్కలు పొద్దున నా ఎదురుగానే చూశావు. నీ బొద్దింక లోపలికి దూరింది, చివరిదాకా పాకింది, బయటికొచ్చింది. బాగుంది అని చెప్పింది."

"చెప్పింది."

"మరి?"

"అది బాగుంది అంటే బాగున్నట్టు కాదేమో అనిపిస్తోందక్కా."

"అనిపించడమేంటి? ఇంజనీరువి నువ్వు. అవునో కాదో చెప్పు."

"చెప్తాను. నువ్వు ఎటూ గట్టిగా వంచకుండా తిన్నగా పో. గోడకి తగిలించి ఉంటుందే, పాత విమానం దూలం ముక్క..."

"మన విమానాలు బాగుచేసే మేస్త్రీ కోసి పెట్టింది. బీట ఉన్నది."

"అదే. రెక్క లోపల దూలం చిట్లితే ఎలా ఉంటుందో కొత్తవాళ్ళకి చూపిస్తామే, అది. రేపు వాళ్ళ ముందు పెడదామని, నువ్వు ఎక్కాక దించి సబ్బుతో కడిగాను. జిడ్డు, దుమ్ము, బూజు. శుభ్రంగా తుడిచి బొద్దింకని దాని మీద వదిలాను."

"ఊఁ."

"బాగుంది అంది."

"ఏది బాగుంది?"

"దూలం. బీట లేదంది. అక్కా, ఆ బీటలో నా గోరు దిగుతోంది. కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. దానికి మాత్రం ఏమీ లేదంట."

"వెలుతురు సరిగ్గా పడలేదేమో."

"కిటికీ దగ్గర పెట్టా. ఎండలో పెట్టా. టార్చి వేసి చూశా. అదే మాట. కానీ అదే దూలం పాత ఫొటో చూపిస్తే, బీట ఉంది, విమానం ఆపండి అంటోంది."

"ఫొటోలో ఉన్నదీ నీ చేతిలో ఉన్నదీ ఒకటేగా?"

"ఒకటే. అందుకే భయమేసింది. బొమ్మలో అది దేన్ని చూసి చెప్తోందో ఆ చోటు మాత్రం వెలిగేలా చేసే ప్రోగ్రాం ఒకటుంది. ఇన్నాళ్ళూ దాన్ని నడపలేదు."

"ఎందుకు నడపలేదు?"

"ఎందుకంటే... పరీక్ష పెట్టిన ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. ఒక్క ఫొటో తప్పలేదు. క్లాసులో ఫస్టు వచ్చేవాణ్ణి పట్టుకుని, నువ్వెలా చదువుతున్నావురా అని ఎవరడుగుతారక్కా?"

"ఇప్పుడు నడిపావు."

"నడిపాను. అది బీటని చూడట్లేదు. ఒక్క ఫొటోలో కూడా చూడట్లేదు. బీట చుట్టూ చూస్తోంది. గుండ్రంగా, గాజులాగా వెలుగుతోంది. మధ్యలో బీట చీకట్లో పడుంది."

"చుట్టూ ఏముంది?"

"ఏమీ లేదు. అదే నాకు అంతుపట్టట్లేదు. ఫొటోలు పెద్దవి చేసి చూశా, ముక్కు తెరకి ఆనించి చూశా. వట్టి పెయింటు. ఏమీ లేనిచోట ఏం చూస్తోందది?"

"ఏ ఫొటోలు?"

"మొదట్లో దానికి నేర్పినవి. మేస్త్రీ దాచినవి. బీటలున్న ఫొటోలన్నీ ఆయన తీసినవేగా."

"ఒరేయ్."

"ఊఁ."

"నిజంగా నీకేమీ కనపడట్లేదా వాటిలో?"

"లేదని చెప్తున్నాగా. ఆకుపచ్చ పెయింటు, మధ్యలో బీట. అంతే."

"ఓరి దేవుడా."

"ఏంటక్కా?"

"రెక్క లోపల వేసేది ఆకుపచ్చ పెయింటు. మేస్త్రీ జేబులో ఉండేది ఎర్ర సుద్ద."

"సుద్ద అయితే?"

"విను. బీట దొరికిందంటే ముందు దాని చుట్టూ సుద్దతో ఒక సున్నా చుడతాడు, మళ్ళీ వెతుక్కోకుండా. ఆ తర్వాతే ఫొటో తీస్తాడు. ఎప్పుడూ అంతే. అది మా అందరికీ కనపడుతుంది."

"నాకెవరూ చెప్పలేదు."

"అంత ఎర్రగా కనపడుతున్నదాన్ని ప్రత్యేకంగా ఎవరు చెప్తార్రా? చూశావనే అనుకుంటారు. నీకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనని ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?"

"అది నేర్చుకున్నది బీట కాదు. సున్నా."

"సున్నా ఉంటే బీట ఉందంటుంది."

"లేకపోతే బాగుందంటుంది. అందుకే ఫొటోలన్నిటికీ సరిగ్గా చెప్పింది. దూలం మీద సున్నాని నేను సబ్బు పెట్టి కడిగేశాను. దానికి ఎరుపు బాగానే కనపడిందక్కా. నాకే కనపడలేదు. కనపడి ఉంటే మొదటిరోజే తెలిసేది."

"ఆగు. ఏడుపు తర్వాత. ఇప్పుడు రెక్కల్లో ఆ సున్నాలు ఎవరు చుడుతున్నారు?"

"ఎవరూ చుట్టట్లేదు. బొద్దింక వచ్చాక పద్ధతి మార్చాంగా. ముందు అది దూరాలి. అది బీట అన్నచోట మాత్రమే మేస్త్రీ టార్చి పట్టుకుని చూడాలి."

"అది ఎక్కడా బీట అనలేదు."

"అనదు. సున్నా చుట్టేవాణ్ణి దాని వెనకాల నిలబెట్టాం."

"ఎండాకాలం నుంచి ఒక్క బీటా దొరకలేదని క్లబ్బంతటికీ విందు ఇచ్చావు."

"ఇచ్చాను."

"నేను రెండు ప్లేట్లు లాగించాను. అంతకుముందు ఎప్పుడు చూసినా ఒకటో అరో దొరికేవి. ఇన్ని నెలలుగా ఒక్కటీ లేకపోవడమేంటని నాకూ అనిపించలేదు. మన విమానాలు అంత బాగున్నాయని పొంగిపోయాను."

"నేనూ అంతే."

"అంటే ఎండాకాలం నుంచి ఈ రెక్కల లోపల మనిషి కన్నూ పడలేదు, యంత్రం కన్నూ పడలేదు."

"అవును."

"వీటితో నేను రోజూ పల్టీలు కొడుతున్నా."

"అవునక్కా."

"మరి అమ్మ ఫోన్ చేసిందన్నావేం?"

"సుద్ద సంగతి అప్పటికి నాకు తెలీదు. ఏదో తేడా ఉందని మాత్రం తెలుసు. నిన్ను దింపేస్తే, ఎవరికీ తెలియకుండా మెల్లగా సరిచేసుకోవచ్చనుకున్నా. రేపు వాళ్ళొస్తున్నారు కదా. ఇన్నేళ్ళ కష్టం కదా. నువ్వొక్కదానివీ కిందికొస్తే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకున్నా."

"నువ్వు గాలి అనీ, కళ్ళద్దాలనీ నసుగుతుంటే నేను ముక్కు దించేశానురా. ఇంకాస్త ఉంటే ఎత్తేదాన్ని."

"తెలుసు."

"తెలుసంట. నేల మీదకి రానీ, నీ పని చెప్తా."

"వచ్చి కొట్టక్కా. ఎంతైనా కొట్టు. ముందు రా."

"ఎలా రావాలో చెప్పు. విమానం పుస్తకాలన్నీ మింగినవాడివి నువ్వే."

"రెక్కల మీద బరువు పెరగకూడదు. వేగం తగ్గించు, మరీ తగ్గించకు. మలుపు తిప్పేటప్పుడు వంగీ వంగనట్టు పెద్ద చుట్టు తిరుగు. కొండవైపు పోకు, అక్కడ గాలి కుదుపుతుంది. చెరువు మీదుగా రా. నీళ్ళ మీద నిమ్మళంగా ఉంటుంది."

"చెరువు మీదుగా అంటే చాలా చుట్టు."

"చుట్టైనా సరే."

"సరే. తిప్పుతున్నా. నిండు గిన్నె మోసుకొస్తున్నట్టుంది."

"అలాగే రా. రెక్క మొదట్లో చెవి పెట్టి ఉంచు. ఏ చప్పుడైనా కొత్తగా వస్తే చెప్పు."

"వస్తే ఏం చేస్తావు?"

"ముందు చెప్పక్కా."

"సరే, వస్తే చెప్తాలే. మేస్త్రీ ఉన్నాడా అక్కడ?"

"ఇవాళ సెలవు పెట్టాడు. ఆదివారం ఆయనకి పనేముందని మనమే అన్నాం కదా."

"అన్నాం. అన్నీ మనమే అన్నాం. నువ్వు మాట్లాడుతూ ఉండు, ఆపకు. ఊరుకుంటే కళ్ళు రెక్క మీదకే పోతున్నాయి."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఆ కంటి పరీక్ష రోజు ఏమైందో చెప్పు. నాకెప్పుడూ చెప్పలేదు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఊఁ, చెప్పు."

"ఏముంది. చెవులు చూశారు, గుండె చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. చివర్లో డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచాడు. ఇందులో అంకె చదువు అన్నాడు. ఏ అంకె అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. అన్నీ చుక్కలే. పక్కన నిలబడ్డ కాంపౌండరు చదివేస్తున్నాడక్కా, పెదాలు కదుపుతూ. నాకు తప్ప ఆ గదిలో అందరికీ కనపడుతోంది."

"ఊఁ."

"పుస్తకం మూసేసి, ఇంకేదైనా చూసుకో నాయనా అన్నాడు. విమానం నడపడం తప్ప ఇంకేదైనా."

"ఇంటికొచ్చి తలుపేసుకున్నావు."

"నువ్వు బయట కూర్చున్నావు."

"నాకు అప్పటికి విమానమంటే ఇష్టం కూడా లేదు, తెలుసా? ఎత్తంటే భయం. మేడ మీద బట్టలు ఆరెయ్యమంటే గోడ దగ్గరకి పోయేదాన్ని కాదు. నువ్వు తలుపు తియ్యాలని, నీ బదులు నేను చేరతాను, రోజూ వచ్చి అంతా నీకు చెప్తాను అన్నా. తీశావు."

"తీశాను."

"అలా ఇరుక్కున్నాను."

"అంతా నావల్లే అక్కా."

"నవ్వుతావని అన్నానురా. ఏడవకు."

"ఏడవట్లేదు."

"ముక్కు చప్పుడు వినిపిస్తోంది. చెరువు దాటాను. ఇప్పటివరకు ఏ చప్పుడూ లేదు. రన్‌వే కనిపిస్తోంది."

"నాకూ కనిపిస్తున్నావు. కుడి చివర, చిన్న చుక్కలా."

"చుక్క కనపడిందన్నమాట."

"అక్కా."

"సరేలే. ఒక మాట. రేపు ఆ కొనేవాళ్ళకి సుద్ద సంగతి చెప్తావా?"

"ముందు నువ్వు దిగు."

"చెప్తావా, చెప్పవా? గాల్లో ఉండగానే మాటివ్వు. కాళ్ళు నేల మీద పడ్డాక మనిషి మాట మారుస్తాడు."

"చెప్తాను. వాళ్ళకీ చెప్తాను, మేస్త్రీకీ చెప్తాను, అందరికీ చెప్తాను. నీ ఒట్టు."

"నా మీద ఒట్టేం పెట్టకు ఇప్పుడు. ఇంజను తగ్గిస్తున్నా. కాసేపు నేను మాట్లాడను, నువ్వు మాట్లాడు."

"కొంచెం ఎత్తులో ఉన్నావు. పర్వాలేదు, రన్‌వే పొడవుంది, బలవంతంగా దించకు. అలాగే. తిన్నగా ఉంది. ఎడమ రెక్క కొంచెం... ఆఁ, సరిపోయింది. తొందరపడకు. వస్తున్నావు. వచ్చేస్తున్నావు. ఇంకొంచెం. ఇంకొంచెం అక్కా."

చక్రాలు నేలని తాకాయి. ఒకసారి ఎగిరి, మళ్ళీ తాకి, విమానం షెడ్డు దాకా దొర్లుకుంటూ వచ్చి ఆగింది. రేడియో ఇద్దరూ ఆపలేదు.

"దిగాను."

"చూశాను."

"ఇంజను ఆపేశాను. తలుపు తీసే ఓపిక లేదు. ఇలాగే కూర్చుంటా కాసేపు."

"కూర్చో, కూర్చో. టార్చి పట్టుకుని నేనే వస్తున్నా. రెక్కలో దూరైనా నేనే చూస్తా."

"ఆగు. షెడ్డులో ఆ రెండోది ఏదిరా?"

"ఏ రెండోది?"

"నీలం గీతల విమానం. నేను ఎక్కేటప్పుడు అక్కడే ఉంది. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. దాన్నీ పొద్దున నీ బొద్దింకే చూసిందిగా?"

"చూసింది."

"ఎవరు తీసుకెళ్ళారు? రేడియో గదిలో ఉన్నది నువ్వు. నీకు చెప్పకుండా ఎవరూ పైకి పోరు. ఎవరు ఎక్కారు, చెప్పరా."

"నాకు నువ్వే గుర్తొచ్చావక్కా. నువ్వొక్కదానివే గుర్తొచ్చావు."

"నీలం గీతల దాంట్లో ఉన్నది నేనమ్మా, మన క్లబ్బు పళ్ళ డాక్టర్ని. మధ్యలో రెండుమూడుసార్లు పిలిచాను, మీరిద్దరూ మాట్లాడుతుంటే నా మాట వెళ్ళలేదు; తర్వాత మీ ప్రాణం మీదకొచ్చినప్పుడు అడ్డు రావడమెందుకని ఊరుకున్నా. బాబూ, మీ అక్కగారికి చెప్పినవన్నీ నేనూ చేస్తున్నాను, వేగం తగ్గించాను, ఎటూ వంచట్లేదు, కానీ మీరు కంటి పరీక్ష గురించి చెప్తున్నప్పటి నుంచి ఎడమ రెక్క మొదట్లో టక్కు టక్కుమంటోంది. పక్కన మా పాప ఉంది, అంతా వింది, ఏమీ అడగకుండా నా మోకాలు పట్టుకుని కూర్చుంది. మీ అక్కగారితో మాట్లాడినట్టే మాతో కూడా ఏవో కబుర్లు చెప్తూ ఉండండి నాయనా, చెరువు వైపు తిప్పుతున్నా."